బండి తాడు

పెద్దదవాఖాన వెనుక గేటుకాడ నా చాయ్ బండి.
ముందర గేటుకెల్లి రోగులు వస్తరు,
వెనుక గేటుకెల్లి పనోళ్లు,
ఇంకొంతమంది తెల్లగుడ్డల, చాయ్ తాగకుంటనే.

పేరు తెల్వక ముందే మనిషి చాయ్ తెలుస్తది నాకు.
మేరీ సుగుణ సిస్టర్‌కు చక్కెర తక్కువ.
ల్యాబుల పనిజేసే అంకూస్‌కు మీగడ తగలద్దు.
వార్డులు ఊడ్చే యాకమ్మకు అర చాయ్, రెండు బిస్కెట్లు,
ఒకటి ముంచుకొని తింటది,
ఒకటి కొంగుకు కట్టుకుంటది, ఎవలికో నేనడగలే.

మిర్చి దినాలల్ల ఎనుమాముల దిక్కుకెల్లి గాలి మళ్లితే
రోడ్డు రోడ్డంత దగ్గేది.
దగ్గుకుంటనే నవ్వేటోళ్లం, కండ్లల్ల నీళ్లు కారంగ.
ఈసారి మిర్చి వచ్చింది, గాలి వచ్చింది,
ఒక్కడు దగ్గితే బెంచి మొత్తం లేచి నిలవడ్డది.

ఆ జ్వరానికి పేపర్ల ఏదో పొడుగు పేరు రాసిండ్రు,
నాకు నోరు తిరుగలే.
ఏడో నంబరు వార్డుల పెట్టిండ్రు గనుక
మా గేటుకాడ దాని పేరు ఏడు.
"ఆయనకు ఏడొచ్చిందట" అని చెవుల చెప్పుకునేటోళ్లు,
చెప్పి, చేతులు కడుక్కునేటోళ్లు.

మాస్కు దినానికొకటన్నరు.
యాకమ్మకు వారానికొకటి దొరికేది.
నా బండి ఎనుక పంపుకాడ సబ్బుపెట్టి పిండి
పరదా కట్టిన తాడుకే ఆరేసేది,
పిల్ల అంగి ఆరేసినంత సాపుగ, మడతలు గుంజి.
నేను చాయ్ వడగట్టుకుంట చూసేదాన్ని.

ఒకనాడు గిరాకి వచ్చినోడు తాడు దిక్కు చూసి
గ్లాసు అట్లనే పెట్టి పోయిండు.
"యాకమ్మా, అది తీసెయ్యరాదు" అన్న.
మెత్తగనే అన్న, యాదికున్నది.
ఆమె మారుమాట అనలే.
తడి మాస్కునే మూతికి కట్టుకొని లోపటికి పోయింది.
ఆ రాత్రి తాడు కూడ ఇప్పేసిన.

తొమ్మిది దినాలకు ఏడు యాకమ్మకొచ్చింది.
ఊరికి తెల్వలే.
అంకూస్‌కు వచ్చింది,
కరీమాబాదుల ఇంటి ఓనరు నల్లా బందువెట్టిండు.
మేరీ సిస్టర్‌కు వచ్చినంక ఊరు కదిలింది.
టీవీల బండ్లు, కాలేజి పిల్లలు, సంఘాలోళ్లు,
గేటు పొంటి కొవ్వొత్తులు.
దవాఖానోళ్లకే దిక్కులేకపోతే మనకెవలు దిక్కని
ఒకాయన మైకుల ఏడ్సిండు.
ఉత్తగ అంటలే, నిజంగనే ఏడ్సిండు.
అంకూస్ ఓనరు ముందు వరుసల ఉన్నడు,
చేతిమీద మైనం కారుతుంటె ఊదుకుంట.
ఆ సాయంత్రం నేనమ్మినన్ని చాయ్‌లు
మేడారం జాతరకు పోయేటోళ్లకు గూడ అమ్మలే.
పైసలు లెక్కవెట్టంగ చేతులు వేడిగ అనిపించినయ్,
జ్వరమేమో అని రెండుసార్లు నుదురు పట్టి చూసుకున్న.

ఫ్లెక్సీల మేరీ సిస్టర్ నవ్వుకుంట ఉన్నది.
యాకమ్మ లేదు. ఏజెన్సీ మనిషి, ఫోటో దొరకలేదన్నరు.
నా ఖాతా బుక్కుల మాత్రం ఉన్నది:
యాకమ్మ, అర చాయ్‌లు పదకొండు, బిస్కెట్లు ఇరవై రెండు.
కింద గీత గీయనీకి చెయ్యి రాలే.

మొన్న పొద్దుగాల ఒక పిల్ల వచ్చింది,
పంతొమ్మిదేండ్లు ఉండచ్చు, తడి జడ,
భుజాలు జారుతున్న ఆకుపచ్చ కోటు, ఎవలి కొలతదో.
"అమ్మ నీకు తొంభైతొమ్మిది బాకట, చెప్పి పోయింది" అని
చిల్లర నా అరచేతుల పోసింది.
"నువ్వెటు?" అన్న.
"ఆమె జాగల నన్ను తీసుకున్నరు. ఏడో వార్డు."

చాయ్ ఎట్ల తాగుతవని అడగాల్నో,
ముందుగాల కూసోమనాల్నో తెల్వలే.
బండి కిందికెల్లి తాడు తీసి
ఈ గుంజ నుంచి ఆ గుంజకు బిగిచ్చి కట్టిన.
"మాస్కేది బిడ్డా?"
"ఇంక ఇయ్యలే."